సాఫ్ట్‌వేర్ వ్యాసాలను ఎక్కడ ప్రచురించాలి?

సాఫ్ట్‌వేర్ గురించి రాయదలచినవారు సాధారణంగా ఎక్కువమంది చదివే వేదిక కోసం వెతుకుతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది, ఆ వేదిక మూతపడితే మన రాతలు ఏమవుతాయన్నది. 2012లో ట్విట్టర్ కొనుగోలు చేసిన పోస్టరస్ అనే బ్లాగు వేదిక 2013 ఏప్రిల్‌లో మూతపడినప్పుడు, రచయితలు గడువులోగా తమ వ్యాసాలను దించుకోవలసి వచ్చింది.

అందువల్ల మూలప్రతి సొంత డొమైన్‌లో, మార్క్‌డౌన్ (శీర్షికలు, జాబితాల వంటివాటిని సాదా గుర్తులతోనే సూచించే పద్ధతి) ఫైళ్ల రూపంలో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ఫైళ్లలోని మార్పులను నమోదు చేసే గిట్ అలవాటున్నవారికి, ఆ ఫైళ్లనే వెబ్‌సైటుగా చూపే గిట్‌హబ్ పేజెస్ చాలు: పబ్లిక్ రిపాజిటరీ (అందరికీ కనిపించే ఫైళ్ల నిల్వ) అయితే అది ఉచితం, సొంత డొమైన్‌నూ తగిలించుకోవచ్చు. సైటు 1 జీబీ మించకూడదన్న పరిమితి ఉన్నా, వ్యాసాలకూ కొన్ని స్క్రీన్‌షాట్లకూ అది ధారాళంగా సరిపోతుంది. గిట్ జోలికి వెళ్లనివారికి వర్డ్‌ప్రెస్ నయం.

పాఠకుల కోసం మీడియం, డెవ్.టు వంటి చోట్ల అదే వ్యాసాన్ని మళ్లీ ప్రచురించవచ్చు, కానీ మూలం ఎక్కడుందో సెర్చ్ ఇంజిన్లకు తెలిపే కెనానికల్ లింకు తప్పక ఇవ్వాలి. డెవ్.టులో దానిని మనమే నింపాలి. మీడియంలో ఇంపోర్ట్ సదుపాయం ద్వారా వ్యాసాన్ని తెస్తే ఆ లింకు దానంతట అదే చేరుతుంది. మీడియంలో వ్యాసాన్ని సభ్యులకే పరిమితం చేసే వీలు కూడా ఉంది. నేర్చుకునేవారి కోసం రాసినదానికి ఆ తాళం వేయవద్దని నా మనవి.

ఏ వేదికనైనా ఎంచుకునే ముందు ఒక చిత్తుప్రతితో పరీక్షించండి. ఒకసారి నేను అతికించిన పైథాన్ ఫంక్షన్‌లో ఇండెంటేషన్ (వరుసల మొదట్లో వదిలే ఖాళీ) అంతా చెరిగిపోయి, ఆ కోడ్‌ను నడిపిన పాఠకులకు ఎర్రర్ వచ్చింది. అది వారు చెప్పేదాకా నేను గమనించనేలేదు. కాబట్టి నాలుగు స్పేసుల ఇండెంటేషన్, ఒక పొడవాటి వరుస, తెలుగులో ఒక కామెంటు ఉన్న కోడ్‌ను అతికించి, ఫోన్‌లో తెరిచి చూడండి. ఆపైన పేజీలోని కోడ్‌ను కాపీ చేసి నడిపి చూడండి.

తెలుగులో రాసేవారు పేజీ చిరునామాను కూడా చూసుకోవాలి. అక్షరాలను కంప్యూటర్‌లో భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. లింకును కాపీ చేసినప్పుడు తరచూ ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 గుర్తులుగా మారుతుంది. అలా నాలుగు సంకేతాలున్న (క, ఓత్వం, డ, పొల్లు) 'కోడ్' అన్న చిన్న మాట 36 గుర్తులవుతుంది. శీర్షిక తెలుగులోనే ఉంచి, చిరునామా భాగాన్ని మాత్రం రోమన్ లిపిలో రెండు మూడు మాటలకు కుదించండి. ఆ వీలు ఇవ్వని వేదికను మూలప్రతికి ఎంచుకోకండి.