బాణం వెనక ఈకలు ఊడకుండా కట్టుకోవడం

ఈకలు మాటిమాటికీ ఊడిపోతుంటే అందరూ ముందు జిగురునే తిడతారు. చాలాసార్లు తప్పు జిగురుది కాదు, బాణం పుల్లను సరిగా తుడవకపోవడమే. తుడిచే సంగతికి వద్దాం గానీ, అంతకంటే ముందు ఏ ఈక పెట్టాలో తేల్చుకోవాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తా. వేట బాణం అంత గట్టి బాణం గురించి చెప్తున్నానే తప్ప వేట గురించి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును కొట్టినా కేసే. నల్లమలలో చెంచుల చేతిలో విల్లు కనిపిస్తుంది కదా అని మనం కూడా విల్లు భుజానేసుకుని మన్ననూరు, ఫరహాబాద్ వైపు షికారు పోతే అది సరదాగా మిగలదు. ఫోమ్‌తో చేసిన జంతువు బొమ్మలు దొరుకుతాయి, వాటి మీద ఎంతైనా కొట్టుకోండి.

బాణాన్ని విల్లు మీదే ఆనించి, అంటే పిడికి పైనుండే షెల్ఫ్ అనే చిన్న గట్టు మీద పెట్టి కొట్టేవాళ్లకు అసలైన ఈకలే కావాలి, ఎందుకంటే ఈక విల్లుకు రాసుకున్నా వంగి మళ్లీ లేస్తుంది, అదే ఈకకు బదులు అంటించే ప్లాస్టిక్ ముక్క, అంటే వేన్ అయితే తగలగానే బాణం తోకను పక్కకు తన్నేస్తుంది. కప్పీలుండే కాంపౌండ్ విల్లుకు, బాణం వదలగానే కిందికి పడిపోయే రెస్ట్ (బాణాన్ని ఆనించే ఊత) ఉంటే నిశ్చింతగా ప్లాస్టిక్ పెట్టుకోవచ్చు. సైజులోనూ కక్కుర్తి వద్దు. ములికి గుండ్రటిదైతే చిన్న వేన్లు చాలు, రెక్కలున్న వెడల్పు ములికి అయితే ఆ రెక్కలే గాలిని పట్టి బాణాన్ని ముందునుంచి తిప్పేస్తాయి కాబట్టి వెనక నాలుగు, అయిదు అంగుళాల ఈకలు ఉండాలి. ఈక బరువు అదే సైజు ప్లాస్టిక్ వేన్‌లో సగం కూడా ఉండదు, అందుకే తోక తేలికై బాణం నిలకడగా పోతుంది.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా, మే నెలలో నల్లగొండలో 43 డిగ్రీలంటే మామూలే. మూసిన కారులో బాణాలు వదిలేస్తే ప్లాస్టిక్ వేన్లు వంకర్లు పోతాయి. పారేయకండి, వేడినీళ్లలో కొన్ని సెకన్లు ముంచి తీస్తే చాలావరకు సర్దుకుంటాయి. నలిగిన ఈకకు మరుగుతున్న నీళ్ల ఆవిరి చూపిస్తే చాలు. వానాకాలంలో మాత్రం ఈకకు ఇబ్బందే, తడిసిందంటే పడుకుంటుంది. వాటికి నీళ్లు అంటనివ్వని పౌడర్ ఉంటుంది, ముందే రుద్దుకోవాలి.

ఈకలు ఎక్కడివి అంటే, టర్కీ కోళ్లు పెంచేవాళ్లను అడిగితే రెక్కల పెద్ద ఈకలు ఇస్తారు. సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. చేన్లో దొరికాయని నెమలి ఈకలు, గద్ద ఈకలు మాత్రం వద్దు, అవి చట్టం కాపాడే పక్షులు, లేనిపోని తలనొప్పి. ఒక బాణానికి మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవి ఉండాలి, కుడిది ఎడమది కలిపితే ఒకటి ఇటు తిప్పుతుంది, ఒకటి అటు తిప్పుతుంది.

ఇక అంటించడం. ఈకను సరైన చోట పట్టి ఉంచే సాధనం, అదే జిగ్ ఉంటే సులువే. లేకపోతే సన్నటి కాగితం ముక్కను పుల్ల చుట్టూ తిప్పి, చుట్టుకొలత గుర్తు పెట్టుకుని మూడు భాగాలు చేయండి. 8 మిల్లీమీటర్ల పుల్లకు గుర్తుకూ గుర్తుకూ మధ్య 8 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. మూడింట్లో ఒక ఈక, వింటినారి కూర్చునే గాడికి అడ్డంగా రావాలి, షెల్ఫ్ మీద కొట్టేటప్పుడు అది విల్లుకు అవతలి వైపు ఉంటుంది. గాడి దగ్గర వేళ్లు పట్టేంత, ఒక అంగుళం జాగా వదలండి. ఈకను ఒకటి రెండు డిగ్రీలు ఏటవాలుగా పెడితే బాణం తిరుగుతూ పోతుంది, దాంతో తొందరగా కుదురుకుంటుంది.

అంటించే చోట పుల్లను తడిపి సన్న సాండ్‌పేపర్‌తో మెల్లగా గీకండి. కార్బన్ పుల్లయితే తడపడం తప్పనిసరి, ఆ పొడి పీల్చకూడదు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఇక అక్కడ వేలు పెట్టొద్దు, వేలి జిడ్డు చాలు మొత్తం పాడవ్వడానికి. ప్లాస్టిక్ వేన్ అడుగు కూడా అలాగే తుడవాలి. సూపర్ గ్లూ సన్నటి గీతలా చాలు. ఎక్కువ పోస్తే గట్టిగా పట్టదు, పైగా పక్కలకు కారి గడ్డ కడుతుంది.

అసలు బలమంతా ముందు కొసలో ఉంది. బాణం బొమ్మలోకి దూరినప్పుడు ముందు లేచేది ఈక మొదలే. కాబట్టి ఈక ఈనెను ముందువైపు సాండ్‌పేపర్‌తో ఏటవాలుగా అరగదీసి, దాని మీద సన్న దారం నాలుగైదు చుట్లు దగ్గరగా చుట్టి, పైన ఒక చుక్క గ్లూ వేయండి. ప్లాస్టిక్ అయితే ముందు కొసకూ వెనక కొసకూ ఒక్కో చుక్క వేస్తే సరిపోతుంది. రాత్రంతా ఆరనివ్వండి, ఆత్రం వద్దు.

మొదటిసారి కొట్టే ముందు ఈకల అంచుకు లిప్‌స్టిక్ కొంచెం రాయండి. విల్లు మీద ఎక్కడ రంగు అంటితే అక్కడ తగులుతున్నట్టు, గాడిని కాస్త తిప్పి మళ్లీ చూడండి. ఒక్క ఈకే పోతే మూడూ పీకనక్కర్లేదు, పాత జిగురును మొండి కత్తితో గీకి ఒక్కదాన్నే మార్చండి, కత్తి మాత్రం కార్బన్‌లోకి దిగకూడదు. ఎలాగూ చేతిలోకి తీసుకున్నారు కదా, రెండు కొసలూ పట్టి మెల్లగా వంచి చూడండి. చిటచిటమని చప్పుడొస్తే ఆ పుల్లను అక్కడే విరిచి పారేయండి, చీలిక ఉన్న కార్బన్ బాణం వదిలేటప్పుడు పగిలి చేతిలో దిగుతుంది.