డాక్టర్ దగ్గరికి పిల్లాడిని తీసుకెళ్ళకండి

మొన్న మా క్లినిక్‌కి ఒక వియత్నాం ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. వెంట, మాట తర్జుమా చేయడానికి, పద్నాలుగేళ్ళ మనవడు. నేను అక్కడ వారానికి రెండు రోజులు ఫ్రంట్ డెస్క్‌లో కూర్చుంటాను. పాప్ టెస్ట్ (గర్భసంచి ముఖద్వారం దగ్గర కణాలు తీసి క్యాన్సర్ సూచనలున్నాయేమో చూసే పరీక్ష) చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారని నర్సు అడిగింది. పిల్లాడి చెవులు ఎర్రబడ్డాయి. అమ్మమ్మ వైపు తిరిగి రెండు ముక్కలేవో అన్నాడు. ఆవిడ నవ్వి తలూపింది. "షి ఈజ్ ఫైన్" అన్నాడు వాడు.

వాడు నిజానికి అడిగింది "ఒంట్లో బాగానే ఉందా?" అనట. మా దగ్గర పనిచేసే వియత్నాం అమ్మాయికి వినబడింది కాబట్టి సరిపోయింది. ఆవిడ అమెరికా వచ్చి పదకొండేళ్ళు. ఆ పరీక్ష ఒక్కసారి కూడా జరగలేదు.

ఇంటికొచ్చాక ఆ పిల్లాడి మొహమే కళ్ళముందు. ఎందుకంటే 2009లో ఆ కుర్చీలో కూర్చున్నది నేనే. నా పక్కన మనవడికి బదులు మా ఆయన. విజయవాడ నుంచి వచ్చి నాలుగో నెల. నెలసరికీ నెలసరికీ మధ్యలో మరకలు కనిపిస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు. ఇబ్బందులేమైనా ఉన్నాయా అని డాక్టర్ అడిగితే మా ఆయన "నో, నో" అనేశారు. ఆయన తప్పేముంది, నేను చెబితేగా! ఇంగ్లీష్ మీడియంలో డిగ్రీ చేసినదాన్ని, నోరు పెగల్లేదు. రెండేళ్ళకి పాప్ టెస్ట్‌లో తేడా వచ్చింది. భూతద్దం లాంటి పరికరంతో చూసే కాల్పోస్కోపీకి వెళ్ళేదాకా నేను పడ్డ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

బ్యాంక్ అకౌంట్, లైసెన్స్, దోసెల పిండి ఎక్కడ దొరుకుతుందన్న సంగతి చెప్పేవాళ్ళు కాలిఫోర్నియాలోని మా శాన్‌హోజేలో వందమంది ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే: డాక్టర్ దగ్గర మీ మాట తర్జుమా చేయడానికి పిల్లల్నీ ఇంట్లోవాళ్ళనీ పెట్టుకోకండి.

ఈ ఊళ్ళో వియత్నాం వాళ్ళు లక్షకు పైనే ఉన్నారు. స్టోరీ రోడ్డు వైపు వెళితే బోర్డులన్నీ వాళ్ళ భాషలోనే. మనలాగే వరసలు పెట్టి పిలుచుకుంటారు. మొదటిరోజు ఒకావిడ నన్ను "చి" అనేసరికి ఉలిక్కిపడ్డాను. అంటే అక్క అనట! గర్భసంచిని వాళ్ళు "తు కుంగ్" అంటారు. విడమరిస్తే బిడ్డ ఉండే రాజభవనం. మనం సంచితో సరిపెట్టాం. అంత అందమైన పేరు పెట్టుకుని కూడా, దాని గురించి బయటికి మాట్లాడాలంటే మాత్రం మనకెంత సిగ్గో వాళ్ళకీ అంతే. ఆ సిగ్గుకి తోడు భాష రాదు, ఇన్సూరెన్స్ ఉండదు, పనిచేసే నెయిల్ సెలూన్‌లో (గోళ్ళు తీర్చిదిద్దే దుకాణం) సెలవు దొరకదు. 1988 నుంచి 1992 దాకా అమెరికాలో తీసిన లెక్కల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వియత్నాం ఆడవాళ్ళలో ఏడాదికి లక్షకు 43 మందికి వచ్చింది. తెల్లవాళ్ళలో 9 మందికి కూడా రాలేదు. పరీక్ష చేయించుకోకపోవడం దానికి పెద్ద కారణం.

తర్వాత ఆ అంకె బాగా తగ్గింది. శాన్‌హోజే ఉన్న మా శాంటా క్లారా కౌంటీలో (మన జిల్లా లాంటిది) 2000 తర్వాత వియత్నాం ఆడవాళ్ళే నలుగురైదుగురిని ఒకచోట కూర్చోబెట్టుకుని, తమ భాషలో, అక్కాచెల్లెళ్ళలా విషయం చెప్పే పద్ధతి పెట్టారు. సుమారు వెయ్యిమందితో చేసిన పరిశీలనలో, అలా ఎదురుగా కూర్చుని చెప్పించుకున్నవాళ్ళలో పరీక్ష చేయించుకున్నవారు 66 శాతం నుంచి 82 శాతానికి పెరిగారు. రేడియో, పేపర్ ప్రకటనలతో సరిపెట్టిన వాళ్ళలో పెరిగింది 5 శాతం చిల్లర. చెప్పేది ఎవరన్నదే ఇక్కడ అసలు సంగతి. అందుకే నా గోల.

కాబట్టి అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేసినప్పుడే ఇంటర్‌ప్రెటర్ (మన మాట డాక్టర్‌కి, డాక్టర్ మాట మనకి చెప్పే మనిషి) కావాలని చెప్పండి. ఆడమనిషి కావాలని చెప్పండి. డాక్టర్ కూడా ఆడవారే కావాలంటే అదీ చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రి ఏదైనా ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాల్సిందే. అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లలతో ఆ పని చేయించకూడదని రూలే ఉంది. ఇండియా అనగానే ఒక్కోసారి హిందీ మనిషిని లైన్లో పెడతారు. మొహమాటపడి "అచ్ఛా, అచ్ఛా" అంటూ కూర్చోకండి. తెలుగు అని గట్టిగా చెప్పండి, ఫోన్లో దొరుకుతారు. "మా ఆయనకి ఇంగ్లీష్ బాగా వచ్చు కదా" అంటారా? బాగా వచ్చు, కానీ భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనబడుతోందా అని డాక్టర్ అడిగితే ఆయన తలొంచుకుని దాన్ని తెలుగులో ఎలా అడుగుతారో ఒకసారి ఊహించుకోండి. మీ అత్తగారి కోసం ఆయన వెళితే మరీ ఘోరం. కొడుకులూ మనవలూ అసలే వద్దు.

ఇంకో మాట చాలామంది నోట వింటాను, వియత్నాం వాళ్ళూ మనవాళ్ళూ కూడా: "గ్రీన్‌కార్డు మెడికల్‌లో అన్నీ చూశారుగా." చూడలేదమ్మా! అందులో టీబీ, సిఫిలిస్ లాంటివి చూస్తారు, టీకాలు లెక్కపెడతారు. పాప్ టెస్ట్ అందులో లేదు. 2008, 2009ల్లో 11 నుంచి 26 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్) టీకా తప్పనిసరి చేశారు, 2009 డిసెంబరులో తీసేశారు. ఆ టీకా వేయించుకున్నవాళ్ళు కూడా పరీక్ష మానకూడదు.

మిగతాది చిన్నదే. 21 దాటితే మూడేళ్ళకోసారి పాప్ టెస్ట్, 30 దాటాక ఐదేళ్ళకోసారి హెచ్‌పీవీ పరీక్ష అయినా చాలు, 65 దాకా. చాలా ఇన్సూరెన్స్‌లలో దీనికి పైసా కట్టనక్కర్లేదు. ఇన్సూరెన్స్ లేని, ఆదాయం తక్కువున్న వారికి కాలిఫోర్నియాలో ఎవ్రీ ఉమన్ కౌంట్స్ అనే పథకం ఉంది. పడుకుని చేయించుకోవడం మరీ ఇబ్బందైతే, హెచ్‌పీవీ పరీక్షకి క్లినిక్‌లోనే మీ అంతట మీరు నమూనా తీసి ఇచ్చే పద్ధతికి 2024లో అనుమతి వచ్చింది, అడగండి. ఇవన్నీ ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి. మరకలు కనిపిస్తుంటే మాత్రం మూడేళ్ళ లెక్క పెట్టుకోకుండా ఇవాళే ఫోన్ చేయండి.

ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. పరీక్షకి రెండు మూడు నిమిషాలు పడుతుంది. రిజల్ట్‌లో తేడా వస్తే క్యాన్సర్ అని కాదు. ఈ హెచ్‌పీవీ వైరస్ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దాదాపు అందరికీ తగిలేదే, చాలామందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా కూడా ఉండగలదు. కాబట్టి రిపోర్టు చూసి మొగుడి మీద అనుమానపడకండి. ఉండిపోయినా, అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుంది. ముందే కనిపెడితే ఆ కాస్త భాగాన్నీ తీసేస్తారు. నాకూ అంతే చేశారు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పప్పుచారు పెట్టుకున్నాను.

ఆ అమ్మమ్మకి వచ్చే గురువారం పొద్దున పది గంటలకి రాశాం. ఆ టైముకి మనవడు స్కూల్లో ఉంటాడు.