వెనక్కి చూడకుండా కుడికి తిప్పొద్దు

మొన్న సాయంత్రం మా బస్సు స్టేజీ దగ్గర సైకిల్ తొక్కుతున్న తొమ్మిదో తరగతి పిల్లగాడిని వెనక నుంచి కారు గుద్దింది. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. ఎడమ పక్కనే బుద్ధిగా పోతున్నవాడు, ఊరి బాట రాగానే వెనక్కి చూడకుండా హ్యాండిల్ కుడికి తిప్పాడు. నల్గొండ, మిర్యాలగూడ మధ్య అద్దంకి హైవే మీద ఇరవై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాను. నా దగ్గరికి వంగిపోయి వచ్చిన చక్రాల్లో ఎక్కువ వాటి వెనక ఇదే తప్పు.

బడులు తెరుస్తున్నారు. హెల్మెట్ సంగతి టీచర్లు చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే: వెనక్కి చూడకుండా కుడికి తిప్పొద్దు.

తొక్కుతూ తల తిప్పి చూస్తే సరిపోదు. తలతో పాటు భుజం తిరుగుతుంది, భుజంతో పాటు హ్యాండిల్ వస్తుంది, వీపు మీది పుస్తకాల బరువు ఇంకాస్త లాగుతుంది. చూసేలోపే సైకిల్ రోడ్డు మధ్యలో ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది. వడ్ల లోడుతో మిల్లుకు పోయే లారీ బ్రేకు కొట్టగానే ఆగదు. అందుకే ఎడమ అంచున ఆగాలి. దిగాలి. రెండు వైపులా చూసి, సైకిల్ నడిపించుకుంటూ దాటాలి.

ఎలక్ట్రిక్ సైకిల్ అయితే దిగే ముందు తాళం ఆపాలి. ఆపకపోతే, నడిపించేటప్పుడు గట్టిగా పట్టుకున్న చెయ్యే యాక్సిలరేటర్ తిప్పేస్తుంది. సైకిల్ పిల్లాడిని ఈడ్చుకుంటూ ముందుకు దూకుతుంది. నా షాపు ముందే చూశాను. 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్లు దాటని వేగం ఉంటే లైసెన్సు అక్కర్లేదు కదా అని చాలామంది దాన్ని ఆటబొమ్మలా కొనిస్తున్నారు. ఆ స్పీడ్ లిమిట్ తీయించొద్దు, ఎవరు తీసిస్తామన్నా సరే.

టిఫిన్ సంచి హ్యాండిల్‌కు తగిలించొద్దు, చక్రం పుల్లల్లో ఇరుక్కుంటుంది. చున్నీ ముడి వేసుకోవాలి. ట్రాక్టర్ ట్రాలీ పట్టుకుని పోవద్దు. వానకు బ్రేకు రబ్బర్లు తడిస్తే పట్టవు, చాలా ముందే బ్రేకు వేయాలి. రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే దిగి నడవాలి. ఇయర్‌ఫోన్స్ వద్దు. రాంగ్ రూట్ వద్దు, యూటర్న్ ఎంత దూరమైనా సరే. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ లేకుండా చీకట్లో పంపొద్దు. దోస్తు అవతల నుంచి పిలిచినా, వాన మొదలైనా, ఇల్లు ఎదురుగా కనిపిస్తున్నా, వెనక్కి చూడకుండా కుడికి తిప్పొద్దు.

ఈ ఆదివారం పిల్లాడితో స్టేజీ దాకా వెళ్లండి. మీ ముందే పదిసార్లు ఆపించి, దింపించి, దాటించండి.