పగడం పాలిపోతోందా? పురుగేదో తేల్చుకున్నాకే మందు

ఉప్పునీటి అక్వేరియంలో అక్రోపోరా (కొమ్మలుగా పెరిగే గట్టి పగడం) వెలిసిపోయినట్టు కనబడగానే డిప్ (పగడాన్ని ముంచి పురుగుల్ని రాల్చే మందు) సీసా అందుకోకండి. నీటి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) ఒక్కసారిగా మారినా, లైటు ఎక్కువైనా పగడం పాలిపోతుంది. అప్పుడు సాధారణంగా కొమ్మ మొత్తం తేడాగా కనబడుతుంది. పురుగు పనైతే మచ్చలు మచ్చలుగా, అదీ కొమ్మల అడుగున, నీడ పడే వైపు మొదలవుతుంది.

సమస్య: అక్రోపోరా మీద గుండ్రటి లేత మచ్చలు, పాలిప్స్ (పగడంలోని చిన్న చిన్న జీవులు) సరిగా విచ్చుకోకపోవడం

కారణం: అక్రోపోరాను తినే చదునైన పురుగు, ఫ్లాట్‌వార్మ్. పగడం రంగులోనే కలిసిపోతుంది కాబట్టి కళ్లెదుట ఉన్నా పట్టుకోలేం. తెల్ల టబ్బులో ట్యాంకు నీళ్లు పోసి, పగడాన్ని అందులో ఉంచి, మచ్చల మీద రబ్బరు బుడ్డి ఉన్న పిచికారీ గొట్టం, అంటే టర్కీ బేస్టర్‌తో గట్టిగా నీళ్లు కొట్టండి. రాలిపడిన పలచటి, కోలగా ఉన్న తునక అంచులు అలలాడిస్తూ పాకితే అదే. తర్వాత మొదలు దగ్గర, కండ చచ్చి అస్థి బయటపడ్డ చోట భూతద్దంతో చూడండి. గోధుమ రంగు చుక్కలు గుంపుగా అంటుకుని ఉంటే అవి గుడ్లు.

పరిష్కారం: డిప్ పురుగును రాలుస్తుంది, గుడ్డును చంపదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఒక్కసారి ముంచి, నాలుగు పురుగులు రాలగానే అయిపోయిందనుకుంటారు.

ట్యాంకులోని అక్రోపోరాలన్నీ బయటికి తీయాలి, బాగున్నట్టు కనిపించేవి కూడా. రాతికి పాకి అతుక్కున్నదైతే కండ బాగున్న చోట కొమ్మ కత్తిరించి తీసి, మిగిలిన మోడును గీకేయండి లేదా ఎపాక్సీతో పూర్తిగా కప్పేయండి. కోరల్ ఆర్‌ఎక్స్, రివైవ్ లాంటి డిప్‌ను సీసా మీదున్న మోతాదులోనే ట్యాంకు నీళ్లలో కలిపి, 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. నిమిషానికోసారి బేస్టర్‌తో కొడుతూ ఉండాలి. తర్వాత వేరే టబ్బులో శుభ్రమైన ఉప్పునీటితో కడగండి. డిప్ నీళ్లు మాత్రం ట్యాంకులోకి పోనివ్వద్దు. గుడ్లను స్కాల్‌పెల్‌తో గీకండి. పాత ప్లగ్గు (పగడాన్ని అతికించిన చిన్న దిమ్మ) పారేసి, సూపర్ గ్లూ జెల్‌తో కొత్తదానికి అతికించండి.

ఇదంతా 5 నుంచి 7 రోజులకోసారి, కనీసం 6 వారాలు చేయాలి. నీళ్లు చల్లగా ఉన్నకొద్దీ గుడ్లు ఆలస్యంగా పొదుగుతాయి. కొత్త పిల్ల పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపు దాన్ని రాల్చడమే ఈ లెక్క. ఆ ఆరు వారాలూ పగడాలు వేరే ట్యాంకులో ఉంటే మెయిన్ ట్యాంకులో పొదిగినవి తిండిలేక చస్తాయి. వ్రాస్ చేపలు బయట తిరిగే పురుగుల్ని ఏరుకు తింటాయి గానీ, వాటినే నమ్ముకుంటే తెగులు పోదు.

సమస్య: మాంటిపోరా (తరచూ పలకలా పెరిగే గట్టి పగడం) అంచుల నుంచి తెల్లబడటం

పలకను తిరగేసి చూడండి. కొన్ని మిల్లీమీటర్ల పొడవున, ఈకల్లాంటి పోగులతో, గుల్ల లేని నత్తల్లాంటి తెల్లటి న్యూడిబ్రాంక్‌లు అడుగున ఉంటాయి. డిప్, గుడ్లు గీకడం, వారానికోసారి మళ్లీ చేయడం ఇక్కడా తప్పవు.

సమస్య: అక్రోపోరా మీద అర మిల్లీమీటరు పసుపు చుక్కలు, ఒక కొసన ఎరుపు

ఇవి రెడ్ బగ్స్, రొయ్యలు, పీతల జాతికే చెందిన చిన్న పురుగులు. మిల్బెమైసిన్ ఆక్సిమ్ మందు వీటిని చంపుతుంది, రొయ్యల్నీ పీతల్నీ కూడా. వాటిని ముందే వేరే చోటికి మార్చండి. మందు, మోతాదు పశువైద్యుల సలహాతోనే.

సమస్య: పగడాల పక్కన గోధుమ రంగు గాజు గొట్టాల్లాంటి ఐప్టేసియా (పగడాలను కుట్టే అనెమోన్ జీవి)

చిదమకండి, గోకకండి. మిగిలిన చిన్న ముక్క నుంచే ఇంకోటి లేస్తుంది. పంపు ఆపి, సున్నపు కాల్క్‌వాసర్ ముద్దను సిరంజితో నేరుగా నోట్లో వేయండి. ఒకేరోజు నాలుగైదింటికి మించొద్దు, పీహెచ్ పెరుగుతుంది.

కొత్త పగడం కొన్నప్పుడు

ఈ తెగుళ్లు దాదాపు ఎప్పుడూ కొన్న ముక్కతోనే వస్తాయి. ప్లగ్గు తీసేసి, డిప్ చేసి, 6 వారాలు విడి ట్యాంకులో ఉంచండి. 40 లీటర్ల ట్యాంకు, హీటరు, చిన్న పంపు, లైటు చాలు. నీళ్లు 25–26 డిగ్రీలు, స్పెసిఫిక్ గ్రావిటీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.025. రాళ్లు పెట్టకండి, అడుగు ఖాళీగా ఉంటేనే రాలిన పురుగు కనబడుతుంది. భారత్‌లో ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్రోపోరా, మాంటిపోరా సహా గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. మన సముద్రాల్లోంచి తీసినదని తెలిస్తే కొనకండి.