వలయంలో షరతు పెట్టిన ఫంక్షనల్ ఈక్వేషన్‌ను సాధించడం ఎలా?

విశాఖ ద్వారకానగర్‌లో ఒలింపియాడ్ కోచింగ్‌కి వెళ్లే పిల్లలైనా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివేవాళ్లైనా, ఫంక్షనల్ ఈక్వేషన్ (తెలియని ప్రమేయాన్ని కనుక్కోమనే సమీకరణం) కనపడగానే అన్నిచోట్లా 1 పెట్టేస్తారు. షరతు లేని లెక్కలో అది మంచి అలవాటే. షరతు ఉంటే మాత్రం కొంప మునుగుతుంది.

0 నుంచి 5 దాకా అంకెలున్న గడియారం అనుకోండి. 5 తర్వాత మళ్లీ 0. కూడినా, గుణించినా 6తో భాగిస్తే వచ్చే శేషమే జవాబు. ఇదే మాడ్యులో 6 వలయం. దీని నుంచి దీనికే ఫ అనే ప్రమేయం. కగ = 0 అయినప్పుడల్లా ఫ(క+గ) = ఫ(క) + ఫ(గ) కావాలి, మిగతా జతలకు ఏ నియమమూ లేదు. ఫ్రెంచ్ గణితవేత్త కోషీ 1821లో చర్చించిన సమీకరణమే, షరతు అదనం. ఇలాంటి ఫ లన్నీ కావాలి.

ముందు సమీకరణం జోలికి పోకండి. షరతుకు నిలిచే జతలు రాయండి. 0తో ఏదైనా సరే. అది కాక 2×3 = 6, 3×4 = 12, ఈ గడియారంలో రెండూ 0. అంతే. 1×1 = 1 కాబట్టి ఫ(2) = 2ఫ(1) అని రాసే హక్కు మనకు లేదు.

ఇప్పుడు ప్రతిక్షేపించండి. రెండూ 0 అయితే ఫ(0) = 2ఫ(0), అంటే ఫ(0) = 0. (2, 3) జత వల్ల ఫ(5) = ఫ(2) + ఫ(3). (3, 4) జతలో మొత్తం 7, అంటే 1. కనుక ఫ(1) = ఫ(3) + ఫ(4).

ఇక ఫ(2), ఫ(3), ఫ(4) మన ఇష్టం. 6×6×6 = 216 సాధనలు. షరతు తీసేస్తే ఫ(క) = క·ఫ(1) రూపంలో 6 మాత్రమే మిగులుతాయి! నమ్మకం లేకపోతే ఫ(2) = 1, ఫ(3) = 0, ఫ(4) = 1 తీసుకోండి. ఫ(1), ఫ(5) కూడా 1 అవుతాయి. షరతు జతలన్నిటికీ సరిపోతుంది, కానీ ఫ(2) మాత్రం 2ఫ(1) కాదు.

అసలు తిరకాసు మాడ్యులో 4లో ఉంది. అక్కడ 2×2 = 0, 2+2 కూడా 0. అందుకే 2ఫ(2) = 0 వస్తుంది. చటుక్కున 2తో భాగించి ఫ(2) = 0 అనేయకండి, వలయంలో కొట్టివేత అన్నిసార్లూ చెల్లదు. ఫ(2) విలువ 0 కావచ్చు, 2 కావచ్చు. ఫ(1), ఫ(3) స్వేచ్ఛగా ఉంటాయి. మొత్తం 4×2×4 = 32.

మాడ్యులో 5లో పెద్దగా పని లేదు. సున్నా కాని రెండిటి లబ్ధం సున్నా కాదు కాబట్టి ఫ(0) = 0 ఒక్కటే వస్తుంది, సాధనలు 625.

మాడ్యులో 8 మీరు చేయండి. (2, 4), (4, 4), (4, 6) జతలు చూడండి. జవాబు 65,536.