ఊరు మారిన సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే

కందుకూరు నుంచి చెన్నైకో బెంగళూరుకో మకాం మార్చినోళ్లు తమ గురించి చెప్పుకోవాల్సొస్తే ముందు ‘యూస్డ్ టు’ పట్టుకోండి. అప్పట్లో ఉండి ఇప్పుడు లేనిదంతా దాంతోనే నడుస్తుంది: ‘ఐ యూస్డ్ టు లివ్ ఇన్ కందుకూరు’, ‘మై ఫాదర్ యూస్డ్ టు గ్రో టొబాకో’. దాని ముందు ‘యామ్’ తగిలించారో, అర్థం అలవాటుపడ్డాననే దానికి మారిపోతుంది. అప్పుడు వెనక ‘ఇంగ్’ కూడా కావాలి: ‘ఐ యామ్ యూస్డ్ టు లివింగ్ ఇన్ చెన్నై’.

2021లో వచ్చి ఇంకా అక్కడే ఉంటే ‘ఐ హావ్ లివ్డ్ హియర్ సిన్స్ 2021’. మన నోటికి ‘ఐ యామ్ లివింగ్ సిన్స్’ అనే వస్తుంది, ఏం చేస్తాం!

ఇంకోటి. డిగ్రీ అయిందని చెప్పడానికి ‘పాస్డ్ అవుట్’ అనకండి, ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. మనవాళ్లకి పర్లేదుగానీ అమెరికావాడైతే మీరు స్పృహ తప్పి పడిపోయారనుకుంటాడు.