ఓవెన్ ఎర్రర్ కోడ్ చూపిస్తే మెకానిక్‌ను పిలిచేలోపు చేయవలసిన పరీక్షలు

దేవరకొండలోనో కొల్లాపూర్‌లోనో ఉన్నవారి ఇంట్లో ఓవెన్ మొరాయిస్తే, కంపెనీ మెకానిక్ తరచుగా జిల్లా కేంద్రం నుంచో హైదరాబాద్ నుంచో రావలసి ఉంటుంది. ఆయన ఒకసారి వచ్చి చూసి వెళ్లి, మరోసారి పార్టు తెచ్చి బిగించేసరికి రోజులు గడిచిపోతాయి. లోపం ఎక్కడుందో ఓవెన్ తానే చాలావరకు చెబుతుంది కాబట్టి, దాన్ని సరిగ్గా చదివి ఫోన్‌లోనే వివరించగలిగితే ఒక రాకపోక తప్పుతుంది. ఇక్కడ చెప్పేదంతా వంటగది కప్‌బోర్డులో అమర్చిన ఎలక్ట్రిక్ ఓవెన్ల గురించి. మైక్రోవేవ్ ఓవెన్ విషయంలో కోడ్ చదవడం వరకే మన పని; దాని లోపలి కెపాసిటర్‌లో ప్లగ్ తీసిన తర్వాత కూడా ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు కనుక, దాని డబ్బాను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు.

తెరపై కోడ్ కనబడగానే స్విచ్ ఆపాలనిపిస్తుంది. పొగ, కాలిన వాసన లేకపోతే ముందు ఆ తెరను ఫోటో తీయండి, ఎందుకంటే కరెంటు ఆపిన తర్వాత కొన్ని మోడళ్లలో ఆ కోడ్ మళ్లీ కనబడదు. తలుపు తెరిస్తే చట్రం అంచున అతికించిన ప్లేటుపై మోడల్ నంబరు ఉంటుంది. దాన్ని కూడా ఫోటో తీసుకోండి. ఒకే కోడ్‌కు ఒక కంపెనీ ఓవెన్‌లో ఉష్ణోగ్రత సెన్సర్ లోపమని, మరొక కంపెనీ ఓవెన్‌లో ఇంకేదో అని అర్థం ఉండవచ్చు కాబట్టి, మీ మోడల్ పుస్తకంలోని పట్టికను తప్ప మరి దేన్నీ నమ్మవద్దు. మెకానిక్‌లు పరీక్షలకు వాడే సర్వీస్ మోడ్‌లోకి వెళ్లడానికి నొక్కవలసిన బటన్ల వరుస కూడా మోడల్‌ను బట్టి మారుతుంది. ఎవరో వీడియోలో చూపారని వేరే మోడల్ వరుసను ప్రయత్నించడం మంచిది కాదు. ఆ మోడ్‌లో ఫ్యాక్టరీ సెట్టింగులు మారిపోయే ప్రమాదం ఉంది.

కోడ్ ఏమీ లేకుండా, లైటు వెలుగుతూ వేడి మాత్రం రాకపోతే గడియారం వైపు చూడండి. కరెంటు పోయి వచ్చిన తర్వాత సున్నాలు మిణుకుమిణుకుమంటుంటే, టైము సెట్ చేసేదాకా చాలా ఓవెన్లు పనిచేయవు. చైల్డ్ లాక్, షోరూమ్‌లో వాడే డెమో మోడ్ ఆన్‌లో ఉన్నాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

మన ప్రాంతంలో అన్నిటికంటే ముందు అనుమానించవలసింది వోల్టేజీని. వేసవి సాయంత్రాలలో కూలర్లు, ఏసీలు, బోరు మోటార్లు ఒకేసారి నడుస్తున్నప్పుడు లైన్ చివరనున్న ఇళ్లకు వోల్టేజీ బాగా పడిపోతుంది. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని అనుసరించి మారుతుంది కాబట్టి, 230 వోల్టులు రావలసిన చోట 180 వస్తే 2,000 వాట్ల కాయిల్ సుమారు 1,225 వాట్ల వేడినే ఇస్తుంది. అలాంటప్పుడు ఓవెన్ అనుకున్న సమయానికి వేడెక్కదు. వేడెక్కే సమయాన్ని గమనించే మోడల్ అయితే, కాయిల్ బాగానే ఉన్నా ఎర్రర్ చూపవచ్చు. ఉదయం పదింటికి ఒకసారి, రాత్రి ఏడున్నరకు ఒకసారి ఓవెన్ నడుస్తుండగా ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ దగ్గర వోల్టేజీ కొలిపించండి. రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే పని విద్యుత్ శాఖది. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థకు (దక్షిణ డిస్కమ్‌కు) 1912 నంబరులో ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి. ఫ్రిజ్‌కు పెట్టే చిన్న స్టెబిలైజర్ ఈ లోడును మోయలేదు. 2,000 వాట్లకు దాదాపు 9 ఆంపియర్లు పడుతుంది కాబట్టి సాకెట్ కూడా 16 ఆంపియర్లదే ఉండాలి. ప్లగ్ పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారితే ఆ సాకెట్‌ను వెంటనే మార్పించాలి.

సరఫరా బాగుండి, కోడ్ సెన్సర్‌ను చూపిస్తుంటే, లోపలి ఉష్ణోగ్రతను తెరపై చూపే ఓవెన్లలో ఒక సులువైన పరీక్ష ఉంది. రాత్రంతా వాడని ఓవెన్‌ను తెల్లవారి ఆన్ చేసి, వేడి చేయకముందే తెరపై అంకెను గదిలోని థర్మామీటరుతో పోల్చండి. రెండూ దగ్గరగా ఉండాలి. చల్లని ఓవెన్ 90 చూపిస్తే, వేడి గురించి అది చెప్పే ఏ మాటా నమ్మదగినది కాదు. మల్టీమీటర్ వాడడం వచ్చినవారు ఓవెన్‌కు కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపి, ఓవెన్ పూర్తిగా చల్లారిన తర్వాత సెన్సర్ కనెక్టర్ తీసి ఓమ్‌లు కొలవవచ్చు. చాలా ఓవెన్లలో వాడే పీటీ 1000 రకం సెన్సర్ 30 డిగ్రీల దగ్గర సుమారు 1,117 ఓమ్‌లు, పీటీ 500 రకమైతే సుమారు 558 ఓమ్‌లు చూపాలి. మీటరు ఏమీ చదవకపోతే తీగ తెగినట్టు, సున్నాకు దగ్గరగా చదివితే షార్ట్ అయినట్టు. అంకె సరిగ్గా ఉండి కూడా కోడ్ పోకపోతే సెన్సర్ కొనకండి. లోపం కనెక్టర్‌లోనో ఓవెన్ కంట్రోల్ బోర్డులోనో ఉంటుంది.

కాయిళ్ల పరీక్షకు మోడ్ నాబ్ చాలు. కింది వేడి, గ్రిల్, ఫ్యాన్ మోడ్‌లను ఒక్కొక్కటిగా పెట్టి ఏది వేడెక్కడం లేదో గమనిస్తే, మెకానిక్ ఏ కాయిల్ తేవాలో తెలిసిపోతుంది. వానాకాలంలో చాలా రోజులు వాడకుండా ఉంచిన ఓవెన్‌ను ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్) పడిపోతే, కాయిల్ లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ తేమ పీల్చుకొని లీకేజీ వస్తూ ఉండవచ్చు. ఆ స్విచ్‌ను బైపాస్ చేసి నడిపించే పనికి మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

రిపేరు తర్వాత ఉష్ణోగ్రత నిజమా కాదా తేల్చడానికి చక్కెర చాలు. చక్కెర సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అల్యూమినియం ఫాయిల్‌పై ఒక చెంచా చక్కెర పరిచి, ఓవెన్‌ను ముందే 175కు వేడి చేసి, పదిహేను నిమిషాలు లోపల ఉంచండి. పలుకులు పలుకులుగానే ఉండాలి. తర్వాత 190కి పెంచి, ఆ వేడి అందుకున్నాక మరో పదిహేను నిమిషాలు ఉంచితే అది కరిగి తేనెరంగు పాకంలా మారాలి. 175 దగ్గరే కరిగితే ఓవెన్ చెప్పినదానికంటే ఎక్కువ వేడిగా ఉన్నట్టు, 190 దగ్గర కూడా కరగకపోతే తక్కువగా ఉన్నట్టు. మీ మోడల్ సెట్టింగులలో ఉష్ణోగ్రత సవరణ ఉంటే ఐదు డిగ్రీల చొప్పున మార్చి, ప్రతిసారీ ఓవెన్ చల్లారిన తర్వాత కొత్త చక్కెరతో మళ్లీ చూడండి.